కత్తెర పట్టే చెయ్యి

"పోనీ, ముంజి కూడా తినకూడదంటావా?" మూడోసారి అడిగింది చిట్టెమ్మ. "ముంజిని నమిలేదేవుందే? నాలిక మీద పెడితే దానంతటదే జారిపోద్ది."

"ఏదీ తినకూడదు మామ్మా. ఆరు వారాలు తాగడమే." చిన్ని ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన కాగితాన్ని మోకాళ్ళ మీద పరుచుకుని, పరీక్షకి చదువుతున్నట్టు ఒక్కో వరస మీదా వేలు పెట్టి చదువుతోంది.

"ముంజి తిన్నా తాగినట్టే కదా."

"పై పళ్ళకీ కింది పళ్ళకీ రబ్బరు బాండ్లు వేసి నోరు కట్టేస్తారు. ఇంక ముంజి ఎటునుంచి పెడతావ్, ముక్కులోంచా?"

గుమ్మంలో చెప్పులు విప్పుకుంటున్న చిన్ని బాబాయి సుభాష్ పకపకా నవ్వేడు. "పెట్టినా పెడద్దే మీ మామ్మ. మనవడు పస్తుంటే ఊరుకుంటదా?"

చిట్టెమ్మ నవ్వలేదు. అరుగు స్తంభానికి కట్టిన చేపల వలని ఒళ్ళోకి లాక్కుని, చిరిగినచోట చెక్కసూదితో కన్నుకి కన్ను కలుపుతోంది. డెబ్భై రెండేళ్ళ మనిషి. నడిస్తే మోకాళ్ళు వణుకుతాయి గాని వల ముందు కూర్చుంటే చేతులు వణకవు. ఓ ముడి బిగించి, ఒళ్ళో ఉన్న చిన్న కత్తెర తీసి, చూడకుండానే దారం తెంపింది.

"మరి బొండం నీళ్ళో?"

"అవి తాగొచ్చు."

"అలా చెప్పు మరి!"

"కానీ ఆపరేషన్ ముందు రోజు రాత్రి పన్నెండు దాటేక అవి కూడా ఇవ్వకూడదు. మంచినీళ్ళు కూడా వద్దని రాసేరు."

"మంచినీళ్ళు వద్దంటే ఒప్పుకుంటాను. బొండం నీళ్ళేం చేసేయి? అవి దేవుడు మూత పెట్టి పంపిన నీళ్ళు."

వంటింట్లో సత్యవాణి ఈ వాదనంతా వింటూనే రాగిజావని పల్చటి గుడ్డలో వడగడుతోంది. ఎల్లుండి దాకా అవసరం లేని జావ. ఆపరేషన్ అయ్యేక కొడుక్కి ఇదే తిండి కాబట్టి, ఎంత పల్చగా చేస్తే గొట్టంలోంచి వస్తుందో చూద్దామని నాలుగు రోజులుగా చేసి పారబోస్తోంది. బయట అత్తగారూ కూతురూ ముంజికాయల దగ్గరే ఆగిపోతే బావుండుననిపించింది ఆమెకి. వాళ్ళు తిండి గురించి తగువులాడుకుంటున్నంతసేపూ ఆ రెండో సంగతి ఎవరూ ఎత్తరు. పిల్లాడి కింది దవడని రెండు పక్కలా కోసి, వెనక్కి జరిపి, ప్లేట్లు పెట్టి స్క్రూలతో బిగిస్తారన్న సంగతి.

సాయి చెరువు దగ్గర్నుంచి వచ్చేసరికి ఒంటిగంటయింది. ఇరవై రెండేళ్ళవాడు. పొద్దున్నే రొయ్యల మేత చల్లించి, జల్లెడలు పైకి తీసి ఎంత తిన్నాయో చూసుకుని వస్తాడు. కాళ్ళు కడుక్కుని, పళ్ళెం తీసుకుని, అలవాటుగా వంటింటి వెనక గడప మీదకి వెళ్ళి ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. అన్నంలో పులుసు పోసి పిసికి, చేపముక్కని వేళ్ళతోనే పేలికలు చేసి, దవడ ఎడం పక్కకి తిప్పి, రెండుసార్లు నొక్కి మింగేస్తాడు. వాడి కింది పళ్ళు పై పళ్ళని దాటి ముందుకొచ్చేయి. ముందుపళ్ళు కలవవు. వెనకవి ఎడంవైపు రెండే తగుల్తాయి. చుట్టాల పెళ్ళిళ్ళకి వెళ్తాడు, పని చేస్తాడు, వడ్డిస్తాడు. బంతిలో మాత్రం కూర్చోడు.

సాయి తండ్రి ధనరాజు చెయ్యి కడుక్కుంటూ మొదలెట్టేడు. "మా నాన్నకీ ఇదే గడ్డం. ఎనభై ఏళ్ళు గట్టిగా బతికేడు. నాకూ కాస్త ఉంది. గడ్డం పెంచేను, కనబడకుండా పోయింది. దీనికోసం ఎముకలు కోయించుకుంటారా ఎవరన్నా?"

"ఒప్పుకున్నావు కదన్నయ్యా!" అన్నాడు సుభాష్.

"ఒప్పుకున్నాను. నోరు మూసుకుంటానని ఒప్పుకున్నానా?"

సాయి లేచి అరుగు మీదకి వచ్చేడు. మామ్మ చేతిలోని నైలాను దారం కొస అందుకుని ముందుపళ్ళ మధ్య పెట్టుకున్నాడు. నరాలు పొంగేలా దవడ బిగించేడు. ఆ తర్వాత దారాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లాగేడు. దారం తడిగా, ఎక్కడా నలక్కుండా, జర్రున బయటికొచ్చేసింది.

"తాత కొరికేవాడు నాన్నా. మీరూ కొరుకుతారు," అన్నాడు. ఆ 'స', 'చ'లు వాడి నోట్లో ఎప్పుడూ కొంచెం జారిపోతాయి. "నేను అందం కోసం వెళ్ళట్లేదు."

చిట్టెమ్మ ఆ దారాన్ని కొంగుతో తుడిచి కత్తెరతో తెంపుకుంది. సత్యవాణి జావ తీసుకెళ్ళి పెరట్లో కొబ్బరి మొదట్లో పారబోసింది.

*

ఆస్పత్రి కాకినాడలో. బుధవారం సాయంత్రం యానాం వంతెన మీదుగా సుభాష్ కారులో వెళ్ళి చేరేరు. మగాళ్ళిద్దరూ రాత్రికి పక్క వీధిలోని లాడ్జిలో ఉంటారు. గదిలో సాయి దగ్గర సత్యవాణి ఉంటుందనుకున్నారు. చిట్టెమ్మ తనూ ఉంటానని పట్టుబట్టింది. తలగడ, దుప్పటి, రెండు బొండాలు సంచీలో పెట్టుకుని మరీ కారెక్కింది. పళ్ళు పోయినప్పట్నుంచీ రాత్రిపూట ఆమెకి అదే ఫలహారం. ఆస్పత్రి గేటు దగ్గర బొండాలు కొట్టించి, నీళ్ళూ లేత కొబ్బరీ తన మరచెంబులో పోయించుకుంది.

ఆరున్నరకి మత్తు డాక్టరు వచ్చేడు. చిన్నవాడే, నెమ్మదిగా మాట్లాడేడు. ఆ నెమ్మదే సత్యవాణిని ఎక్కువ భయపెట్టింది. "నాలుగైదు గంటలు పట్టుద్దమ్మా. ముక్కులోంచి గొట్టం వేస్తాం. ఒక రాత్రి ఐసీయూలో ఉంటాడు. మొహం బాగా వాస్తుంది, చూసి కంగారు పడొద్దు. కింది పెదవి కొన్నాళ్ళు తిమ్మిరిగా ఉంటుంది. కొందరికి ఆ తిమ్మిరి కొంచెం మిగిలిపోతుంది." అలా చెబుతూనే ఉన్నాడు. సాయి ఒక్కో మాటకీ తలూపేడు, చెరువుకి మందు ఎంత కొట్టాలో వింటున్నట్టు. సత్యవాణికి మాత్రం సంతకం పెట్టేచోట గీత కనిపించలేదు. నర్సు వేలుతో చూపించింది.

తర్వాత నర్సు ఒక ట్రేలో ప్లాస్టరుతో చేసిన దవడ బొమ్మ, ఒక కత్తెరా తెచ్చింది. బొమ్మ పళ్ళకి అచ్చం సాయికి ఉన్నట్టే క్లిప్పులున్నాయి. పైకీ కిందికీ కలిపి నాలుగు రబ్బరు బాండ్లు బిగించి ఉన్నాయి.

"ఇది నేర్చుకోవాలమ్మా. ఆపరేషన్ అయ్యేక ఈ కత్తెర మంచం తలవైపే వేలాడుతుంది, ఇంటికెళ్ళేక కూడా. వాంతి వస్తే నోరు తెరుచుకోదు కదా, లోపలికి పోతే ఊపిరాడదు. మేం వచ్చేదాకా ఆగకూడదు. మీరే నాలుగూ కత్తిరించెయ్యాలి. ఏదీ, కత్తిరించండి."

సత్యవాణి కత్తెర తీసుకుంది. మొదటి బాండు కిందకి మొన వెళ్ళలేదు. వెళ్ళేక వేళ్ళు ముడుచుకోలేదు. చేతి గాజులు ట్రేకి తగిలి గలగలమంటున్నాయి. రెండోది తెగింది. మూడోదాని దగ్గర కత్తెర జారి ప్లాస్టరు చిగురు మీద తెల్లగా గీత పడింది. ఆమె ఆ గీతవైపే చూస్తూ ఉండిపోయింది.

"ఇలా ఇయ్యమ్మాయ్," అంది చిట్టెమ్మ. కత్తెర తీసుకుని, ఎడం చేత్తో బొమ్మని వెల్లకిలా పట్టుకుని, టక్ టక్ మని మిగతావి తెంపేసింది.

నర్సు నవ్వింది. "మామ్మగారే మేలు! అయినా తల్లిగారే కదా దగ్గరుండేది. రాత్రి ఇంకోసారి ప్రాక్టీసు చెయ్యండమ్మా."

సాయికి భయం తగ్గడానికి మాత్ర ఇచ్చేరు. పదింటికల్లా నిద్రపోయేడు. చిట్టెమ్మ కింద చాప వేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. సత్యవాణి కుర్చీలో కూర్చుని కొడుకు దవడని చూసింది. నిద్రలో అది ఇంకా ముందుకొచ్చినట్టుంటుంది. చంటివాడిగా ఉన్నప్పుడు పాలు తాగుతూ తాగుతూ ఇలాగే నిద్రపోయేవాడు. రేపు దీన్ని ఎవరో రంపంతో కోస్తారు. కోసినవాళ్ళకి తిరిగి అతకడం వచ్చని ఆమెకి తెలుసు. తెలిసినంత మాత్రాన ఏమవుతుంది?

కిటికీ తెల్లబడుతుండగా సాయి కదిలేడు. కళ్ళు తెరవలేదు. "దాహం," అన్నాడు, మాటలు ముద్దయిపోతూ.

సత్యవాణి లేచింది. అత్తగారి తల దగ్గర మరచెంబు ఉంది. తన గాజులన్నిటినీ మోచేతి దాకా పైకి తోసుకుంది. అవి అక్కడ బిగుసుకున్నాయి. మూత తిప్పి, గ్లాసులో పోసి, వాడి మెడ కింద చెయ్యి పెట్టి లేపింది. వాడు కళ్ళు మూసుకునే గటగటా తాగేడు. చివర్న లేత కొబ్బరి తునకలు కూడా జారి గొంతులోకి పోయేయి. మళ్ళీ తల వాల్చేసేడు.

తను ఏం చేసిందో ఆమెకి తెలుసు. నర్సు వచ్చి అడుగుతుంది, తను చెబుతుంది, ఇవాళ్టికి ఆపేస్తారు. ఇవాళ ఒక్కరోజు. అంతకంటే ముందుకి ఆలోచన సాగలేదు.

ఆరున్నరకి నర్సు పచ్చగౌను పట్టుకొచ్చింది. సాయిని లేపి గౌను కట్టి, పుస్తకం తెరిచింది. "రాత్రి పన్నెండు తర్వాత ఏమన్నా తిన్నారా, తాగేరా?"

"లేదండీ," అన్నాడు సాయి.

నర్సు కలం కదిలింది. సత్యవాణి కుర్చీ చేతిని పట్టుకుని ఉంది. చెప్పడానికి నోరు తెరిచింది. కలం ఒక గడిలో టిక్కు పెట్టింది. తర్వాతి గడికి వెళ్ళింది. బయట స్ట్రెచరు చక్రాల చప్పుడు వినబడింది. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూనే ఉంది.

"ఉండండి," అన్నాడు సాయి నుదురు చిట్లించి. "ఏదో చల్లగా తాగినట్టుంది. తియ్యగా. కలేమో మరి."

నర్సు కలం ఆపింది. బల్ల మీది గ్లాసు చూసింది. అడుగున తెల్లటి కొబ్బరి తునక అంటుకుని ఉంది. కింద మూత సరిగ్గా బిగించని మరచెంబు. ఇంకో నిమిషంలో మత్తు డాక్టరు గదిలో ఉన్నాడు. సాయంత్రపు నెమ్మది ఇప్పుడు లేదు.

"ఎవరిచ్చేరు?"

ధనరాజు, సుభాష్ కూడా అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అందరి చూపూ మరచెంబు మీంచి చిట్టెమ్మ మీదకి పోయింది. చిట్టెమ్మ చాప మడుస్తోంది. గ్లాసుని చూసింది. కోడలి మొహం చూసింది.

"ఆయ్," అంది. "దాహమన్నాడండీ పిల్లాడు."

"మీకు చెప్పలేదా? కాగితం ఇవ్వలేదా? కడుపులో ఉన్నది మత్తులో పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుద్దో తెలుసా? అతనికి గుర్తు రాకపోయుంటే ఈపాటికి లోపలికి తీసుకెళ్ళిపోయేవాళ్ళం!" డాక్టరు గ్లాసుని బల్ల మీంచి తీసి నర్సు చేతిలో పెట్టేడు. "పెద్ద డాక్టరుగారు విశాఖపట్నం నుంచి వచ్చేరు. మళ్ళీ పదకొండో రోజుకి గానీ రారు."

సాయి మంచం మీద కూర్చుని గౌను ముళ్ళు విప్పుకున్నాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి తలగడ మీద పెట్టేడు. "దాహమని అనకుండా ఉండాల్సింది మామ్మా నేను," అన్నాడు.

సత్యవాణి బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంది. కుళాయి తిప్పింది. గాజులు ఇంకా మోచేతి దగ్గరే బిగుసుకుని ఉన్నాయి. కిందికి లాగితే ఒకటి విరిగింది.

*

ఇంటికొచ్చేక సాయి గట్టిగా ఒక్కమాట అనలేదు. కాట్రేనికోన వెళ్ళి డజను సీలు వేసిన నీళ్ళసీసాలు తెచ్చుకున్నాడు. ఒక్కో సీసా మూత తనే తీసుకుంటాడు, తాగి తన గదిలో పెట్టుకుంటాడు. కంచంలో అన్నం తల్లే పెట్టాలి. మామ్మ గరిట పట్టుకుంటే, "అమ్మా, నువ్వు రా," అంటాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా సత్యవాణి చేతిలో గిన్నె బరువెక్కేది.

పరామర్శకొచ్చినవాళ్ళు అరుగు మీద చిట్టెమ్మ ఎదురుగానే మాట్లాడుకున్నారు. "పెద్దవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళకూడదండీ. వాళ్ళకి తెలీదు, చెబితే వినరు." చిట్టెమ్మ వల కుడుతూనే ఉంది. చెవుడు కాస్త ఉంది గాని అంత చెవుడు లేదు. చిన్ని మాత్రం ఒకసారి ఏడుస్తూ మీద పడింది. "అంత స్పష్టంగా చదివి చెప్పేను కదా మామ్మా! దేవుడు మూత పెట్టిన నీళ్ళంట!"

"ఆయ్. తప్పేనమ్మా," అంది చిట్టెమ్మ.

సత్యవాణి రెండుసార్లు చెప్పబోయింది. ఒకసారి భర్త చెరువు నుంచి రాగానే. ఆయన చెరువులో గాలి కొట్టే మర పాడైందని చిరాకు పడుతుంటే ఊరుకుంది. ఇంకోసారి సాయి గది గుమ్మం దాకా వెళ్ళింది. వాడు అద్దం ముందు నిలబడి, రెండు వేళ్ళతో గడ్డాన్ని వెనక్కి నొక్కి పట్టుకుని, పక్కనుంచి చూసుకుంటున్నాడు. ఆమె వెనక్కి వచ్చేసింది.

కొత్త తారీఖు సోమవారం. గురువారం రాత్రి భోజనాల దగ్గర ధనరాజు చెప్పేడు. "అమ్మా, నువ్వు శనివారం కె.గంగవరం వెళ్ళి అక్క దగ్గర ఉండు. వీడి ఆరు వారాలూ అయ్యేదాకా. నిన్నేదో అంటున్నానని కాదు. వీడికి భయంగా ఉంది."

చిట్టెమ్మ మజ్జిగన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. మళ్ళీ కలిపింది. "అలాగే వెళ్తాన్లే నాయనా."

సాయి తలెత్తలేదు.

శుక్రవారం మధ్యాహ్నం చిట్టెమ్మ తన గదిలో కింద కూర్చుని చీరలు మడత పెడుతోంది. తెల్లచీరలు నాలుగు. ఒక్కో అంచునీ అరిచేత్తో సాపు చేసి, సంచీలో పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ మడుస్తోంది. సత్యవాణి గుమ్మం లోపలికి వచ్చి నిలబడింది.

"అత్తయ్యగారూ, మీరు ఇవ్వలేదు కదా."

"లేదు."

"మరి ఎందుకు..."

"కూర్చో." చిట్టెమ్మ చీర మడత ఆపలేదు. "నాకు చెవుడమ్మాయ్, గుడ్డితనం లేదు. గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎదురుగా బీరువాకి నిలువుటద్దం ఉంది. నువ్వు గాజులు పైకి తోసుకోవడం చూసేను. బిడ్డకి నీళ్ళిచ్చే తల్లి గాజులు తోసుకోదు."

సత్యవాణి కింద కూర్చుంది. "చూసి, ఎందుకు ఆపలేదండీ?"

"లేచేసరికి తాగేసేడు. నర్సుకి నువ్వే చెబుతావనుకున్నాను. చెప్పకపోతే నేను చెబుదామనే లేచేను. ఈలోగా వాడికే గుర్తొచ్చింది." చిట్టెమ్మ గొంతు తగ్గించింది. "నన్నంటే నాలుగు రోజులు తిడతారు, ఊరుకుంటారు. ముసల్దానికి తెలీదంటారు. నిన్ననుకుంటే ఎలాగ? నోరు కట్టేసుకుని పడుంటాడు రేపు. వాడి కడుపులోకి పోయేదంతా నీ చేత్తో పోసిందే. ఆ చేతి మీద నమ్మకం పోతే వాడేం తాగుతాడు?"

"భయమేసిందండీ."

"నాకు వెయ్యలేదా? మీ మావయ్య వేటకెళ్ళిన ప్రతిసారీ వేసేది. నలభై ఏళ్ళు వేసింది. ఒకసారి నేనూ చేసేను నీలాటి పని. తుఫాను వస్తదని మనసు చెప్పింది. పడవ అడుగున సందులో కూరిన నార రాత్రికి రాత్రి పీకేసేను, నీళ్ళెక్కుతాయి, పొద్దున్న చూసుకుని ఆగిపోతాడని." చీర సంచీలో పెట్టింది. "ఆయన చూసుకోలేదు. ఎక్కేసేడు. నేను ఒడ్డున నిలబడి ఉన్నాను. నోరు పెగల్లేదు."

"ఏమైంది?"

"ఏవుంది, మొల లోతులోనే తడి తగిలి వెనక్కొచ్చేడు. బతికేను. ఆయనకి చచ్చేదాకా చెప్పలేదు." చిట్టెమ్మ సంచీ మూతి ముడేసింది. "చెప్పనిది కడుపులోనే ఉంటదమ్మాయ్. అరగదు."

మంచం మీద మరచెంబు ఉంది. శుభ్రంగా తోమి, మూత విడిగా పెట్టి, ఆరబెట్టి ఉంది. సత్యవాణి దాన్నే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి లేచి వెళ్ళి, ఆస్పత్రి కాగితం మీదున్న నెంబరుకి ఫోను చేసింది.

*

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. చిన్ని ఇడ్లీలు వడ్డిస్తోంది. ధనరాజు, సుభాష్ హాల్లో తింటున్నారు. సాయి వెనక గడప మీద ఇడ్లీని పాలల్లో నానబెట్టుకుంటున్నాడు. చిట్టెమ్మ సంచీ ఆటోలో పెట్టించేసింది. తను మాత్రం అరుగు మీద కూర్చుని, స్తంభానికున్న వలని విప్పి చుట్ట చుడుతోంది. సగం కుట్టిన వల.

"ఎదుర్లంక వైపు వెళ్ళొద్దని ఆటోవాడికి చెప్పు అన్నయ్యా, రోడ్డు పని జరుగుతోంది," అన్నాడు సుభాష్.

సత్యవాణి వంటింట్లోంచి వచ్చి మధ్య గుమ్మంలో నిలబడింది. అక్కడ నిలబడితే హాలూ, అరుగూ, వెనక గడపా మూడూ కనిపిస్తాయి.

"ఆరోజు సాయికి బొండం నీళ్ళు ఇచ్చింది అత్తయ్యగారు కాదు," అంది. "నేను."

సుభాష్ నోటి దగ్గరికి తీసుకెళ్ళిన ఇడ్లీ ముక్క అక్కడే ఆగిపోయింది. ధనరాజు, "ఏంటి నువ్వనేది?" అన్నాడు.

"దానికి భయంతో మతి పోయింది. దాని మాటలు పట్టించుకోకండి," అంది చిట్టెమ్మ అరుగు మీంచి గబగబా.

"మీరుండండి అత్తయ్యగారూ." సత్యవాణి కుడిచేతి గాజుల్ని పట్టుకుని మోచేతి దాకా తోసింది. "ఇలా పైకి తోసుకుని ఇచ్చేను, చప్పుడైతే ఎవరన్నా లేస్తారని. మర్చిపోయి ఇవ్వలేదు. తెలీకా ఇవ్వలేదు. ఆపరేషన్ ఆగిపోవాలనే ఇచ్చేను."

చిన్ని చేతిలోని గిన్నె కింద పెట్టేసింది. ధనరాజు లేవబోయి, ఎంగిలి చెయ్యి చూసుకుంటూ కూర్చున్నాడు. గడప మీంచి సాయి ఇటు తిరిగేడు. తింటూ ఉండగా వాడు ఇంట్లోవాళ్ళవైపు తిరగడం వాళ్ళెవరూ చూసి చాలా ఏళ్ళయింది. పాలు గడ్డం మీదకి కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"నర్సు అడిగినప్పుడు... నేను తాగలేదని చెప్పినప్పుడు, నువ్వు పక్కనే ఉన్నావు కదమ్మా?"

"ఉన్నాను."

"టిక్కు పెట్టింది."

"చూసేను నాన్నా. చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయేను."

గేటు దగ్గర ఆటోవాడు హారను కొట్టేడు. సాయి తల్లి చేతివైపు చూసేడు. గాజులు మోచేతి దగ్గర్నుంచి ఒక్కొక్కటే మణికట్టుకి జారుతున్నాయి. వాడు గిన్నె పక్కన పెట్టి లేచేడు. ఆమెని దాటుకుని, తగలకుండా పక్కకి జరిగి, హాలు దాటి, గేటు దాకా వెళ్ళేడు. ఆటోలోంచి మామ్మ సంచీ తీసి భుజాన వేసుకున్నాడు. తిరిగొచ్చి దాన్ని అరుగు మీద చిట్టెమ్మ పక్కన పెట్టి, తనూ ఆమె పక్కనే కూర్చున్నాడు. క్షమించమని అడగలేదు. చుట్టిన వల కొస పట్టుకుని మళ్ళీ విప్పడం మొదలెట్టేడు. చిట్టెమ్మ వాడి గడ్డం మీది పాలు కొంగుతో తుడిచింది.

"నీకు భయంగా ఉందా అమ్మా, ఇప్పుడు కూడా?" అన్నాడు తలెత్తకుండానే.

"ఉంది. సోమవారం ఇంకా ఎక్కువ ఉంటది."

సత్యవాణి తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. తర్వాత, సాయంత్రానికి ఏం వండాలో చెప్పేటప్పుడు మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"నిన్న ఆస్పత్రికి ఫోను చేసేను. మొన్న ఇచ్చింది నేనేనని డాక్టరుగారికీ చెప్పేను. సోమవారం నేను రావట్లేదు. వాడి దగ్గర అత్తయ్యగారుంటారు. ఇంటికొచ్చేక కూడా వాడి గదిలో పడుకునేది ఆవిడే, కత్తెర ఆవిడ చేతిలోనే ఉంటుంది. జావ నేను కాస్తాను. ముందు నేను తాగి, తర్వాత ఆవిడకి ఇస్తాను. వాడు అడిగిన రోజున నా చేత్తో పోస్తాను."